ఆ వెండి కాగితానికి 4,200 డాలర్లు పెట్టవచ్చా?

ప్రశ్న: మేము టెక్సాస్‌లో డాలస్‌కు ఉత్తరాన ఉన్న ప్లేనోలో ఉంటున్నాము. మా ఇల్లు 1998లో కట్టినది. రెండంతస్తులు, 2,400 చదరపు అడుగులు. జూన్ నుంచి సెప్టెంబరు వరకు సాయంత్రం నాలుగు దాటితే పై అంతస్తు గదులలో కూర్చోలేము. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు, మామగారు ఆ గదులలోనే ఉంటున్నారు. ఈమధ్య ఒక హోటల్లో ఉచిత విందుకు పిలిచి, ఆటిక్‌లో ఇన్సులేషన్ (వేడిని అడ్డుకొనే మెత్తని పొర) మీద పరిచే అల్యూమినియం రేకు గురించి చెప్పారు. దానిని రేడియంట్ బారియర్ అంటారట. హీట్ ల్యాంపు ముందు రేకు అడ్డం పెట్టి చూపితే నిజంగానే చేతికి వేడి తగలలేదు. ఇది నాసా పరిజ్ఞానమని, కరెంటు బిల్లు 40 శాతం తగ్గుతుందని, ప్రభుత్వం 30 శాతం పన్ను రాయితీ ఇస్తుందని చెప్పి 4,200 డాలర్లు అడిగారు. ఆటిక్‌లో ఆరంగుళాల పాత ఫైబర్ గ్లాస్ ఉంది. పై అంతస్తు ఏసీ, దాని డక్టులు (చల్లగాలి గొట్టాలు) కూడా అక్కడే ఉన్నాయి. ఎండాకాలం నాలుగు నెలలూ నెలకు సగటున 380 డాలర్లు, మే, అక్టోబరు నెలల్లో 250, ఏసీ అక్కర లేని మార్చి, నవంబరు నెలల్లో 150 బిల్లు వస్తోంది. ఇంకా సంతకం చేయలేదు. వేయించుకోవచ్చా? గుంటూరులో మా డాబాకు, వెనుక ఉన్న రేకుల షెడ్డుకు కూడా ఇదే వేయిస్తే ఎలా ఉంటుందని మామగారు అడుగుతున్నారు.

సమాధానం: నమస్కారమమ్మా. మీరు అడిగినదానికి జవాబు ముందే చెప్పేస్తాను: ఆ బేరానికి ఒప్పుకోవద్దు. అలాగని ఆ రేకు బూటకమని కూడా అనుకోవద్దు. అది నిజంగా పనిచేసే వస్తువే. మీకు అమ్మజూపినవారు మాత్రం దానిని పెట్టకూడని చోట పెడతామని, అది చేయలేని పని చేస్తుందని చెప్పి, దానికి తగని ధర అడుగుతున్నారు. మీ ఉత్తరంలో అంకెలన్నీ ఓపికగా రాశారు కనుక ఇందులో ఎంత నిజముందో లెక్క కట్టి చూపించగలను.

ఆటిక్ అనగానే మనవారికి అటక గుర్తుకు వస్తుంది. ఇత్తడి గుండిగలు, ఊరగాయ జాడీలు దాచుకొనే మన అటక గది లోపలే ఉంటుంది. గదిలో ఎంత వేడి ఉంటే అక్కడా అంతే ఉంటుంది. అమెరికా ఇంటి ఆటిక్ వేరు. అది గది సీలింగుకూ, వాలుగా కట్టిన పైకప్పుకూ మధ్య ఉండే ఖాళీ. వాసాల మీద చెక్క పలకలు, వాటి మీద ముదురు రంగు ఆస్ఫాల్ట్ షింగిల్స్ (తారు పూసిన కప్పు బిళ్ళలు) ఉంటాయి. డాలస్ ఎండ సంగతి మీకు చెప్పనక్కరలేదు. 2011లో అక్కడి విమానాశ్రయంలో ఉష్ణోగ్రత 71 రోజులు 100 డిగ్రీల ఫారన్‌హీట్‌కు (ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ ఫారన్‌హీట్‌లోనే) చేరింది లేదా దాటింది. అటువంటి మధ్యాహ్నం ఆ చెక్క పలకల అడుగు భాగం 150 డిగ్రీలకు, ఒక్కోసారి అంతకంటె పైకి కూడా వెళుతుంది. మీ అత్తగారు, మామగారు పడుకొనే మంచానికి పది పన్నెండు అడుగుల ఎత్తున ఒక పెద్ద పెనం బోర్లించి కాల్చినట్టు ఉంటుందన్నమాట.

ఆ పెనం నుంచి వేడి కిందికి ఎలా దిగుతుందనేదే అసలు విషయం. బడిలో మనందరం ఉష్ణవహనం, ఉష్ణసంవహనం, ఉష్ణవికిరణం అని మూడు పేర్లు బట్టీ పట్టాము. వేడెక్కిన గాలి పైకే పోతుంది కాబట్టి, పైనున్న వేడి గాలి ద్వారా కిందికి దిగడం కష్టం. గాలి మంచి ఉష్ణవాహకం కూడా కాదు. కనుక పైకప్పు నుంచి ఇన్సులేషన్ పై భాగానికి చేరే వేడిలో అధిక భాగం వికిరణం ద్వారానే, అంటే కంటికి కనపడని వెలుగులాగా వస్తుంది. భోగిమంట ముందు నిలబడినప్పుడు ముఖం చుర్రుమంటూ ఉంటుంది, వీపు మాత్రం చలికి వణుకుతూనే ఉంటుంది. ఎవరైనా మధ్యలోకి వచ్చి నిలబడితే ఆ క్షణమే ముఖానికి సెగ తగలడం ఆగిపోతుంది. చుట్టూ ఉన్న గాలి అదే, మంటా అదే. ఆగినది వికిరణం ఒక్కటే. మీ ఆటిక్‌లో రేకు చేసేది ఆ మధ్యలో నిలబడిన మనిషి పనే.

అయితే రేకు ఆ పని రెండు విధాలుగా చేస్తుంది. తన మీద పడిన వికిరణాన్ని చాలావరకు తిప్పికొడుతుంది. తాను వేడెక్కినా ఆ వేడిని వెదజల్లదు. ఈ రెండో గుణాన్ని కొలిచే అంకెను ఉద్గారత అంటారు. చెక్కకు, ఇటుకకు, సున్నపు గోడకు అది 0.9 దరిదాపుల్లో ఉంటుంది. శుభ్రమైన అల్యూమినియం రేకుకు 0.03 నుంచి 0.05 వరకు ఉంటుంది. రేడియంట్ బారియర్ అనే పేరు పెట్టుకోవాలంటే అది 0.1కి మించకూడదని అమెరికా ప్రమాణాలు చెబుతాయి. 150 డిగ్రీల చెక్కకూ 110 డిగ్రీల ఇన్సులేషన్‌కూ మధ్య రేకు లేనప్పుడు చదరపు మీటరుకు సుమారు 150 వాట్ల వికిరణం సాగుతుంది. ఆ ఉష్ణోగ్రతలు మారకుండా చెక్క అడుగున రేకు పెడితే అది 9 వాట్లకు పడిపోతుంది. కనుక తొంభై శాతానికి పైగా ఆపుతుందని ఇటువంటివి అమ్మేవారు చెప్పే మాట అబద్ధం కాదు. హీట్ ల్యాంపు ప్రయోగంలో కూడా మోసం లేదు.

మెలిక ఎక్కడుందంటే, ఆ బల్ల మీద దీపానికీ మీ చేతికీ మధ్య గాలి తప్ప మరేమీ లేదు. మీ ఇంట్లో ఆ చెక్కకూ మీ మామగారి మంచానికీ మధ్య ఇన్సులేషన్ ఉంది. రేకు ఆపిన వికిరణంలో ఎక్కువ భాగాన్ని ఆ ఇన్సులేషన్ ఎలాగూ ఆపేదే. రెండుసార్లు ఆపిన వేడిని రెండుసార్లు లెక్క కట్టుకోలేము. పైగా ఇంట్లోకి వేడి వచ్చే దారి సీలింగు ఒక్కటే కాదు. కిటికీలు, గోడలు, తలుపుల సందులు, వంటిల్లు, మనుషులు, అన్నీ కలిసి ఏసీకి పని చెబుతాయి. అందుకే ఆటిక్‌లో తొంభై శాతం ఆగినా, బిల్లు దగ్గరకు వచ్చేసరికి ఆ అంకె చాలా చిన్నదవుతుంది.

నాసా మాట కూడా ఇటువంటిదే. 1973లో నాసా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ ప్రయోగంలో దాని పైకవచం ఊడిపోయి లోపల కొలిమిలా మారినప్పుడు, వ్యోమగాములు అల్యూమినియం పూత ఉన్న పలుచని గొడుగును దాని మీద విప్పి కాపాడుకున్నారు. 1979లో మన నెత్తిన పడుతుందని మన ఊళ్ళన్నిటినీ వణికించిన స్కైలాబ్ అదే. శూన్యంలో గాలి లేదు కాబట్టి అక్కడ వేడి రాకపోకలకు వికిరణమే ప్రధానమైన దారి. అక్కడ రేకుకు తిరుగులేదు. ఇంట్లో కాఫీ ఫ్లాస్కు కూడా అలాగే పనిచేస్తుంది: అద్దపు గోడలకు వెండి పూత, ఆ గోడల మధ్య శూన్యం. మీ ఆటిక్‌లో శూన్యం లేదు.

ఇప్పుడు మీ అంకెలు చూద్దాము. ఇన్సులేషన్ వేడిని ఎంతగా అడ్డుకుంటుందో చెప్పే కొలతను ఆర్-విలువ అంటారు. ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఆరంగుళాల పాత, వదులుగా పోసిన ఫైబర్ గ్లాస్ ఆర్-13 నుంచి ఆర్-16 దాకా ఉంటుంది. ఇన్నేళ్ళలో కుంగి ఉంటుంది కనుక ఆర్-13 అనుకుందాము. మీ పై అంతస్తు సీలింగు 1,200 చదరపు అడుగులు అనుకొని, మధ్యాహ్నం ఇన్సులేషన్ పై భాగం 130 డిగ్రీలు, గది 76 డిగ్రీలు ఉందనుకోండి. తేడా 54, దానిని 13తో భాగించి 1,200తో హెచ్చిస్తే గంటకు సుమారు 5,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ఒక ప్రమాణం) వేడి కిందికి దిగుతోంది. ఒక టన్ను ఏసీ అంటే గంటకు 12,000 బీటీయూలు. అంటే ఒక్క సీలింగే దాదాపు అర టన్ను ఏసీని మింగుతోంది. రేకు వేసినందువల్ల ఇన్సులేషన్ పై భాగం 130 నుంచి 110కి దిగిందనుకుంటే, ఆ 5,000 కాస్తా 3,100 అవుతుంది. మంచిదే. ఇక రేకు మాటే లేకుండా ఇన్సులేషన్‌ను ఆర్-49కి పెంచితే అదే వేడి దాదాపు 1,300కి పడిపోతుంది. అంటే రేకు కంటె ఇన్సులేషన్ దాదాపు రెట్టింపు పనిచేస్తుంది. ఆర్-49 వేశాక దాని మీద రేకు కూడా వేస్తే అదనంగా తగ్గేది 500 బీటీయూలు మాత్రమే. నేను ఊహించి తీసుకున్న ఉష్ణోగ్రతలు మీ ఇంట్లో కొంత అటూ ఇటూ ఉండవచ్చు గాని, ఈ నిష్పత్తులు పెద్దగా మారవు.

డబ్బు లెక్క ఇంకా సులువు. ఏసీ లేని నెలల్లో మీకు 150 వస్తోంది. ఎండాకాలం నాలుగు నెలల్లో దానికి అదనంగా 230 చొప్పున 920, మే, అక్టోబరులలో 100 చొప్పున 200, మొత్తం ఏడాదికి 1,120 డాలర్లు మీ ఇంటిని చల్లబరచడానికి అవుతున్న ఖర్చు. ఎండ తీవ్రంగా ఉండే ప్రాంతాల్లో రేడియంట్ బారియర్ వల్ల చల్లదనపు ఖర్చు 5 నుంచి 10 శాతం తగ్గవచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. మీ విషయంలో అది ఏడాదికి 56 నుంచి 112 డాలర్లు. ఎక్కువ అంకెనే తీసుకున్నా, 4,200 తిరిగి రావడానికి 37 ఏళ్ళకు పైగా పడుతుంది. ఏడాది బిల్లు మొత్తంలో 40 శాతం తగ్గడమనేది, ఫ్రిజ్, బట్టల యంత్రం, దీపాల ఖర్చు కూడా ఆ రేకే తగ్గిస్తే తప్ప సాధ్యమయ్యే పని కాదు.

పన్ను రాయితీ గురించి కూడా జాగ్రత్తగా ఉండండి. ఇంటి ఇన్సులేషన్ వంటి పనులకు ఫెడరల్ ప్రభుత్వం ఇస్తూ వచ్చిన 30 శాతం రాయితీ, 2025లో చేసిన చట్టంతో ఆ ఏడాది డిసెంబరు 31 తరువాత పూర్తయ్యే పనులకు వర్తించకుండా పోయింది. ఇప్పుడు ఎవరైనా ఆ మాట చెబుతుంటే కాగితం మీద రాసి ఇమ్మనండి.

ఇక, ధర ఎంత తగ్గించినా ఆ బేరం వద్దని చెప్పడానికి నాకున్న అసలు కారణం వేరే ఉంది. వారు రేకును ఇన్సులేషన్ మీద పరుస్తామన్నారు. మీ ఏసీ, డక్టులు ఆ ఇన్సులేషన్ పైన ఉన్నాయి. అంటే 55 డిగ్రీల చల్లని గాలిని మోసే పలుచని గొట్టాలు రేకుకు పైన, ఆ కాలుతున్న పెనానికి ఎదురుగానే ఉండిపోతాయి. రేకు వల్ల మీకు ఎక్కువ లాభం కలిగించగల చోటు ఆ డక్టులే; వాటినే వదిలేసి మిగిలినదంతా కప్పుతామంటున్నారు. అదే రేకును పైన వాసాలకు కొడితే కప్పు వేడి కిందికి ప్రసరించడం తగ్గి, ఆటిక్‌లోని గాలి కూడా కొంత చల్లబడి, డక్టులకు కూడా నీడ దొరుకుతుంది.

కింద పరచడంలో రెండో చిక్కు దుమ్ము. దీనికి నా అనుభవమే సాక్ష్యం. హ్యూస్టన్‌లో మా మొదటి ఇంట్లో నేనే చవకగా ఒక చుట్ట కొని, ఇన్సులేషన్ మీద పరిచి, ఇంజనీరునని గర్వపడ్డాను. మూడేళ్ళ తరువాత పైకెక్కి వేలితో గీస్తే, దుమ్ములో నా పేరు రాయగలిగాను. మెరుపు దుమ్ముతో కప్పబడిపోతే ఆ పైభాగపు ఉద్గారత దుమ్ముదే అవుతుంది గాని అల్యూమినియానిది కాదు. వాసాల అడుగున కొట్టి మెరిసే వైపు కిందికి చూసేలా ఉంచితే దుమ్ము నిలవదు. మెరుపు కిందికి ఉంటే రేకు ఎలా పనిచేస్తుందని చాలామందికి సందేహం. తాను వేడెక్కినా కిందికి వెదజల్లని గుణం ఉందని పైన చెప్పాను కదా, అందుకే పనిచేస్తుంది. ఒక్కటి మాత్రం తప్పనిసరి: మెరిసే వైపు ఎదురుగా కనీసం ముప్పావు అంగుళం గాలి ఖాళీ ఉండాలి. దేనికైనా రెండు వైపులా అంటుకొని ఉన్న రేకు వట్టి లోహమే. అల్యూమినియం వేడిని చక్కగా ప్రవహింపజేస్తుంది. ఇంకొకటి, చలికాలపు రాత్రులలో ఇంటి లోపలి తేమ పైకి వచ్చి, పరచిన రేకు అడుగున నీటి చుక్కలుగా మారి ఇన్సులేషన్‌ను తడిపే ప్రమాదం ఉంది. రంధ్రాలున్న రకం కాకపోతే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ.

అయితే ఏం చేయాలి? ముందుగా తప్పు ఆటిక్‌దేనా అన్నది తేల్చుకోండి. చేతిలో పట్టుకొనే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఇరవై ముప్పై డాలర్లకు దొరుకుతుంది. ఎండ బాగా కాసిన రోజు సాయంత్రం ఐదు గంటలకు మామగారి గదిలో సీలింగును, ఎండ తగలని లోపలి గోడను, పడమటి గోడను, కిటికీ అద్దాన్ని కొలవండి. సీలింగు లోపలి గోడ కంటె మూడు నాలుగు డిగ్రీలు ఎక్కువ ఉంటే ఆర్-13 సీలింగు లెక్క సరిపోయినట్టే. మందుల సంచీ ఆటిక్‌కు పట్టుకెళ్ళాల్సిందే. తేడా ఒక డిగ్రీయే ఉండి పడమటి కిటికీ మండిపోతుంటే, మీరు కొనవలసింది కిటికీకి బయటి నీడ. అప్పుడు ఆటిక్‌లో బంగారు రేకు పరచినా ఆ గది చల్లబడదు. ఏసీ రంధ్రంలో నుంచి వచ్చే గాలిని కూడా కొలవండి. కింది అంతస్తులో కంటె అక్కడ బాగా వెచ్చగా, బలహీనంగా వస్తుంటే డక్టు ఎక్కడో ఊడిందని అనుమానించాలి.

నా అనుమానం డక్టుల మీదే ఎక్కువ. డక్టుల గుండా వెళ్ళే గాలిలో 20 నుంచి 30 శాతం చిల్లుల వల్ల, వదులైన అతుకుల వల్ల పోతుందని అమెరికా ప్రభుత్వపు ఇంధన పొదుపు కార్యక్రమం ఎనర్జీ స్టార్ సాధారణ గృహాల గురించి చెబుతుంది. మీ ఇంట్లో ఆ గాలి పోయేది 130 డిగ్రీల ఆటిక్‌లోకి. డబ్బు పెట్టి చల్లబరచిన గాలిని ఇంటికప్పు కింద దానం చేస్తున్నారన్నమాట. అతుకులను మాస్టిక్ అనే ముద్దతో మూయించండి. డక్ట్ టేపు పేరులో డక్టు ఉన్నా డక్టుల అతుకులకు అది పనికిరాదు. 1998లోనే బర్క్‌లీలోని లారెన్స్ జాతీయ ప్రయోగశాలవారు రకరకాల టేపులను పరీక్షించి ఆ మాట తేల్చారు. దీనితోపాటు సీలింగులోని సందులు, అంటే దీపాల చుట్టూ, గొట్టాలు పైకి వెళ్ళే చోట, ఆటిక్‌లోకి ఎక్కే మడత మెట్ల తలుపు చుట్టూ ఉన్నవి మూయించాలి. ఇవన్నీ ఇన్సులేషన్ పోయించడానికి ముందే జరగాలి. తరువాత అవి కనపడవు.

ఆ పైన ఇన్సులేషన్. మీ ప్రాంతానికి ఎనర్జీ స్టార్ సూచించేది ఆర్-49. పాత కాగితంతో చేసే సెల్యులోజ్ ఇన్సులేషన్ అంగుళానికి సుమారు ఆర్-3.5 ఇస్తుంది కనుక ఇప్పుడున్న దాని మీద పది అంగుళాలకు పైగా పోయించాలి. చూరు దగ్గర గాలి వచ్చే రంధ్రాలు మూసుకుపోకుండా అడ్డుపలకలు పెట్టమనండి. సీలింగులోకి దిగగొట్టిన పాత దీపాలుంటే, ఇన్సులేషన్ తగలవచ్చని వాటి మీద ముద్ర ఉందో లేదో చూసుకోండి. లేకపోతే నిప్పు ప్రమాదం. కనీసం మూడు చోట్ల ధర అడగండి. మీకు కరెంటు చేరవేసే సంస్థ ఇటువంటి పనులకు ఏమైనా ప్రోత్సాహకం ఇస్తోందేమో కూడా కనుక్కోండి.

ఇవన్నీ అయ్యాక ఆటిక్‌లోని డక్టుల కోసం రేకు వేయించాలనిపిస్తే నేను కాదనను, కాని బేరం వేరుగా ఉండాలి. రంధ్రాలున్న రేకు, వాసాల అడుగున, మెరుపు కిందికి, కింద చూరు వైపు, పైన వెన్ను దగ్గర గాలి ఆడడానికి కొన్ని అంగుళాలు వదిలి కొట్టించాలి. ధరను మొత్తంగా కాక చదరపు అడుగుకు ఇంత అని అడగండి. వాలు వల్ల కప్పు విస్తీర్ణం సీలింగు కంటె ఎక్కువ ఉంటుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం తప్పంటారు గాని, కట్టుకున్న ఇంటి వాసాలను ఈ ఒక్కసారికి మీరే లెక్కపెట్టుకోవడం మంచిది. షింగిల్స్ దెబ్బతింటాయేమోనని కొందరు భయపెడతారు. కప్పుకు కొట్టిన రేకు వల్ల వాటి ఉష్ణోగ్రత పెరిగేది 2 నుంచి 10 డిగ్రీల ఫారన్‌హీట్ వరకే. ఇంట్లో ఫోన్ సిగ్నల్ కొంత తగ్గవచ్చు. ఎప్పుడైనా కప్పు మార్చవలసి వచ్చి చెక్క పలకలు కూడా విప్పితే, ఒక వైపు రేకు అతికించి వచ్చే పలకలు కొనండి. కొత్త ఇళ్ళలో చాలామంది టెక్సాస్ బిల్డర్లు అవే వాడుతున్నారు, అదనపు ఖర్చు కూడా తక్కువే.

రేకుకు బదులు పెయింట్ చల్లుతామని ఇంకెవరో వస్తారు. ఆటిక్ లోపల చల్లే లోహపు పెయింట్లు ఉన్నాయి గాని, వాటికి ప్రమాణాలు అనుమతించే ఉద్గారత 0.25 వరకు, అంటే రేకు కంటె మెట్టు తక్కువే. గోడలకు వేసే మామూలు పెయింటే ఇంత ఆర్-విలువ ఇస్తుందని ఎవరైనా అంటే అక్కడే లేచి వచ్చేయండి. 2020లో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సరిగ్గా ఆ మాట చెప్పిన నాలుగు కంపెనీల మీద కోర్టుకెక్కింది.

మీవారు తానే పైకెక్కి వేసేస్తానంటే ఒక మాట చెప్పండి. 2009లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఇళ్ళ ఇన్సులేషన్‌కు పెద్ద పథకం పెట్టి హడావుడిగా నడిపితే, పనిలోకి దిగిన నలుగురు యువకులు మరణించారు. ముగ్గురు కరెంటు షాకుతో, ఒకరు కప్పు కింద వేడికి తట్టుకోలేక. లోహపు పిన్నులతో రేకు కొడుతుండగా తీగకు తగలడం వంటి ప్రమాదాలు చూశాక, 2010 ఫిబ్రవరిలో అక్కడ ఆ పథకం కింద రేకు వేయడం ఆపేశారు. రేకు విద్యుద్వాహకమన్న సంగతి మరచిపోకూడదు. ఎక్కవలసి వస్తే నవంబరులోనో ఫిబ్రవరిలోనో, ఆటిక్‌లోని తీగలకు కరెంటు ఆపి, దూలాల మీదే అడుగు వేస్తూ ఎక్కాలి. జూలై మధ్యాహ్నం అసలే వద్దు.

సంతకం చేయలేదన్నారు, సంతోషం. ఈలోగా మొహమాటానికి చేసి ఉంటే, హోటల్ వంటి తాత్కాలిక స్థలాల్లోనూ ఇంటికి వచ్చీ చేసిన అమ్మకాలను మూడు పనిదినాలలోపు రద్దు చేసుకొనే హక్కు అమెరికా చట్టం ఇస్తుంది. దానిని కూలింగ్ ఆఫ్ నిబంధన అంటారు. ఈ వ్యవహారమంతటిలో మీ ఇంటిని గ్యారంటీగా చల్లబరచగలిగేది అదొక్కటే.

ఇక మామగారి ప్రశ్న. రెంటచింతల ఎండలు ఎరిగిన ఉమ్మడి గుంటూరు జిల్లావారు కనుక ఆయన అడిగినదానిలో న్యాయం ఉంది, కాని డాబాకూ షెడ్డుకూ జవాబులు వేరు. డాబాకు ఆటిక్ లేదు. కాంక్రీటు శ్లాబు మీద నేరుగా ఎండ పడుతుంది, శ్లాబు ఆ వేడిని దాచుకొని రాత్రి పదకొండు దాకా గదిలోకి వదులుతుంది. శ్లాబు మీద రేకు పరచి పైన సిమెంటు వేస్తే గాలి ఖాళీ ఉండదు కనుక ఖర్చు దండగ. పైన ఊరికే పరిస్తే మొదటి గాలివానకు పక్కింట్లో ఉంటుంది. అక్కడ కావలసింది ఎండను వేడిగా మారకముందే వెనక్కి పంపడం. దానికి తెల్లని పూత చాలు. మంచి సున్నం రెండు పూతలు వేయించినా తేడా తెలుస్తుంది. సున్నం వానలకు పోతుంది కనుక ఏటా ఫిబ్రవరిలో మళ్ళీ వేయాలి. ఎక్కువ కాలం నిలవాలంటే కూల్ రూఫ్ పెయింటు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇటువంటి పూతలను, పలకలను ప్రోత్సహించడానికే. వెండి రంగు పెయింటు మాత్రం శ్లాబు పైన వద్దు: ఎండలో పెట్టిన స్టీలు బిందెను ముట్టుకుంటే చేయి కాలుతుంది, పక్కనే ఉన్న తెల్లని గోడ అంత కాలదు. మెరిసే లోహం తనలో చేరిన వేడిని తేలికగా వదిలిపెట్టదు. ఆటిక్‌లో మనకు మేలు చేసే గుణమే ఎండలో కీడు చేస్తుంది. గదిలో ఎప్పుడైనా ఫాల్స్ సీలింగు వేయిస్తే, శ్లాబుకు కింద నాలుగంగుళాల ఖాళీలో రేకును మెరుపు కిందికి పెట్టించుకోవచ్చు.

వెనుక రేకుల షెడ్డుకు మాత్రం మామగారి ఆలోచన అచ్చంగా సరైనది. అక్కడ ఇన్సులేషన్ అనేదే లేదు. కాలిన రేకు నేరుగా నెత్తి మీద సెగ వదులుతుంది. మీకు విందులో చూపిన హీట్ ల్యాంపు బల్ల అదే. పైరేకుకు రెండు మూడు అంగుళాల కింద, అడ్డకమ్మీలకు తీగలు కట్టి, రెండు వైపులా మెరిసే బుడగల షీటు పరిపించి, రెండు చివరలా గాలి బయటికి పోయే దారి వదిలిపెట్టమని చెప్పండి. పైరేకు మీద తెల్ల పూత కూడా వేయించగలిగితే మరీ మంచిది. షెడ్డులో మోటారు ఉంటే దాని తీగ ఆ షీటుకు ఎక్కడా తగలకుండా గొట్టంలోంచి తెప్పించాలి.